నావికుడి ఎడమ కన్ను

టంకశాలలో ఆమెను తిరకాసమ్మ అని పిలిచేవారు. చాటుగా కాదు, ముఖం మీదే పిలిచేవారు. ఆమె కూడా హాయిగా పలికేది. ఆ పేరు పెట్టినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. నాణెం మీద బొమ్మ సరిగ్గా పడాలంటే దాన్ని కొట్టే అచ్చులో అంతా తిరగేసి ఉండాలి. ఉబ్బెత్తుగా రావాల్సిన చోట గుంట ఉండాలి, కుడికి రావాల్సింది ఎడమన ఉండాలి, అక్షరాలు అద్దంలో చూసినట్టు వెనక్కి నడవాలి. చదువు కాగానే ఆ చెక్కుడు గదిలో చేరిన మనిషి ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తే ఏమవుతుంది? బుర్రలో కుడి ఎడమలు ఇళ్ళు మార్చుకుంటాయి. "ఇక్కడ ఎడమకి తిప్పండి" అని ఆమె అంటే, బండి నడిపే భర్త మారుమాట లేకుండా కుడికి తిప్పి ఇంటికి చేర్చేవాడు. సంసారం సాఫీగా సాగడానికి అంతకన్నా ఏం కావాలి!

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టేవాళ్ళు లేరు. కాకపోతే ఆమెకిచ్చేది అంచుల పని. నాణెం చుట్టూ ఉండే సన్నటి చుక్కలు ఆమెవి, అక్షరాలు ఆమెవి, ఎప్పుడైనా ఓ ఆకో పువ్వో ఆమెది. ముఖాలు మాత్రం పెద్దవాళ్ళవి. ముఖం చెక్కడం అంటే ఆ గదిలో పెద్దపీట వేసినట్టు. తిరకాసమ్మ ఆ పీట కేసి చూసేది, మళ్ళీ తల వంచుకుని చుక్కలు పెట్టుకునేది.

ఇంట్లో ఆమెకు తల్లి ఉంది. తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం మానింది గానీ మాట్లాడటం మానలేదు. ఆవిడ గొంతు వింటే పక్క గదిలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి "ఆఁ, ఎవరు?" అనాల్సిందే. కానీ ఆవిడ కళ్ళు చాలాకాలం కిందటే దెబ్బతిన్నాయి. కుడి కంటి శుక్లానికి ఆపరేషన్ చేయిస్తే, చీము పట్టి ఆ కన్ను పూర్తిగా పోయింది. తర్వాత ఎడమ కంట్లోనూ శుక్లం ముదిరింది. కిటికీ ఎక్కడుందో, దీపం వేశారో లేదో తెలిసేది, అంతే. మనుషులంతా మసక మసక ముద్దలు. డాక్టర్లు ఈ కంటికీ ఆపరేషన్ చేద్దామన్నారు. మాట మాత్రం ఇవ్వలేమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఉన్న కాస్త వెలుతురు కూడా పోగొట్టుకోమంటావా? ఇప్పుడు కనీసం పగలో రాత్రో తెలుస్తోంది. నాకిది చాలు," అనేది.

కూతురి పనిని ఆవిడ బొటనవేలితో చూసేది. సంచిలోంచి నాణెం తీసి, దాని అంచు మీద వేలు తిప్పుతూ, "ఈ చుక్కలు నువ్వు పెట్టినవేనా? అయితే బాగానే ఉన్నాయిలే," అనేది. కూతురు ఆపరేషన్ సంగతి ఎత్తినప్పుడల్లా ఒకటే జవాబు. "నువ్వు ముఖం చెక్కిన రోజున చూస్తానులే. చుక్కలు చూడటానికి కళ్ళెందుకు?" ఆ రోజు ఎలాగూ రాదన్న ధైర్యం ఆవిడది. అంత తేలిగ్గా మాట ఇచ్చేసేవాళ్ళకి దేవుడు ఒక్కోసారి గట్టిగా బుద్ధి చెబుతాడు.

ఆ రోజు వచ్చింది.

పటాలు లేని కాలంలో సముద్రం మీదికి వెళ్ళిన తొలి నావికుడొకడి జ్ఞాపకార్థం వెండి నాణెం వెయ్యాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఒకవైపు ఓడ, ఒకవైపు ఆయన ముఖం. ఓడ బొమ్మ ఎవరైనా వేస్తారు, చిక్కంతా ముఖంతోనే వచ్చింది. ఆయన ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు. బతికుండగా ఆయన బొమ్మ ఎవరూ గీయలేదు. ఆయన తిరిగివచ్చిన దారి ఉంది, ఆయన పేరు పెట్టుకున్న ఓడరేవులున్నాయి, ముఖం మాత్రం లేదు. నాణెం సంగతి తేల్చడానికి వేసిన సంఘంవాళ్ళు ఒక గీత బొమ్మ ఆమోదించి పంపారు. కుడివైపు తిరిగిన పక్క ముఖం, గడ్డం, టోపీ. కళ్ళూ కవళికలూ చెక్కేవాళ్ళ ఇష్టానికి వదిలేశారు.

చెక్కుడు గది పెద్దమేస్త్రీ ఆ కాగితం తెచ్చి తిరకాసమ్మ బల్ల మీద పెట్టాడు.

"ఈసారి ముఖం నువ్వు చెయ్యమ్మా."

"నేనా? మీరు చెయ్యరా?"

"నాకు తెలిసిన ముఖాలన్నీ చెక్కేశాను. ఇది ఎవరికీ తెలియని ముఖం. కొత్త చెయ్యి కావాలి."

సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. తల్లి అప్పుడు బట్టలు మడత పెడుతోంది. చేతిలో ఉన్న చొక్కాను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"అయితే ఆసుపత్రిలో అడుగు, ఎప్పుడు రమ్మంటారో," అంది చివరికి.

"అమ్మా, నువ్వు ఏదో మాటవరసకి అన్నావు. ఒక నాణెం కోసం ఉన్న ఒక్క కన్నూ..."

"మాటవరసకి అనలేదే, నువ్వు ముఖం చెక్కవనుకుని అన్నాను. అది నా పొరపాటు. ఇప్పుడు చెక్కుతున్నావుగా. నీ పని ఒక్కసారి కళ్ళతో చూడాలని నాకు మాత్రం ఉండదా?"

తిరకాసమ్మకు ఆనందపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ కన్ను కూడా పోతే తన వల్లే పోయినట్టు. ఆ భయం గుండెల మీద కూర్చుని, ఆపరేషన్ రోజు దాకా దిగలేదు.

అలాంటి మనసుతో ముఖం ఎలా కుదురుతుంది? భోజనం పళ్ళెమంత వెడల్పున్న ప్లాస్టర్ పలక తెచ్చుకుని, అచ్చులో ఉండాల్సినట్టే గుంటగా చెక్కడం మొదలుపెట్టింది. గడ్డం కుదిరింది, టోపీ కుదిరింది, ముక్కు కూడా పర్వాలేదు. చూపు మాత్రం కుదరడం లేదు. కనుబొమలు ముడిపడినట్టు చెక్కింది, వీరుడు కాస్తా అప్పులవాడిలా తయారయ్యాడు. కళ్ళు చికిలించినట్టు చెక్కింది, ఎండలో నిలబడ్డవాడిలా ఉన్నాడు. పెద్దమేస్త్రీ రోజూ వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. ఒకరోజు నిట్టూర్చి అన్నాడు.

"ఈయన సముద్రం చూస్తున్నట్టు లేదమ్మా. బస్సు కోసం చూస్తున్నట్టుంది."

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ, ఆ మాట ములుకులా దిగబడింది. నిజమే. బస్సు కోసం చూసేవాడికి బస్సు ఎలా ఉంటుందో తెలుసు. ఈయనకి ఏం తెలుసు? ఎవరూ చూడని దాన్ని చూడటానికి వెళ్ళిన మనిషి. నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. ఒక పొద్దున ఆ నీళ్ళ చివర ఒక మరక కనబడితే, అది మబ్బో నేలో తెలియక, తెలుసుకోవాలంటే భయపడి, చూపు తిప్పుకోలేక నిలబడ్డవాడి ముఖం ఎలా ఉంటుంది? చెక్కినవాటిని ఒక్కొక్కటీ గీకేసింది.

ఈలోగా ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు వచ్చింది.

ఆ గదిలో మంచం కుడివైపు గోడకి ఆనించి ఉంది. అందుకని తిరకాసమ్మ తల్లికి ఎడమపక్క స్టూలు వేసుకుని కూర్చుంది. ఎదురుగా కిటికీ. నర్సమ్మ ముందే గట్టిగా చెప్పింది. "కనిపిస్తోందా, కనిపిస్తోందా అని ఊదరగొట్టకండి. ఆవిడంతట ఆవిడ చెప్పేదాకా ఎవరూ నోరెత్తద్దు." తల్లి కూడా ఆ రోజు నోరెత్తలేదు. ఆవిడ చెయ్యి దుప్పటి అంచును పట్టుకుని ఉంది. తిరకాసమ్మకు ఏం తోచక సంచిలోంచి పెన్సిల్ తీసింది. చేతులు ఊరికే ఉంచుకోవడం ఆమెకు చేతకాదు. మందుల చీటీ వెనక్కి తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

కట్టు వీడింది. దూది తొలగింది. రెప్ప మెల్లగా లేచింది.

తిరకాసమ్మ పెన్సిల్ చీటీ మీద ఆనించింది. తల్లి ముఖంలో ఒక్క గీత కూడా తనకు తెలిసింది కాదు. కనుబొమలు ముడిపడలేదు, కళ్ళు చికిలించలేదు. రెప్ప పూర్తిగా పైకి లేచి, ఇంకా లేవాలని చూస్తోంది. మెడ కాస్త ముందుకు సాగింది. కింది పెదవి వదులై, ఏదో అడగబోయి మరిచిపోయినట్టు ఆగింది. ఎదురుగా ఏదో ఉందని ఆవిడకు తెలుసు, అదేమిటో తెలియదు. భయమూ ఆశా ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి ఆ ముఖంలో పక్కపక్కన నిలబడ్డాయి. లోకం అప్పుడే పుట్టినట్టూ, పుట్టడం చూసింది తను ఒక్కతే అయినట్టూ ఉంది ఆ చూపు. కన్నతల్లి ముఖమని తెలిసి కూడా, దండం పెట్టాలనిపించింది కూతురికి. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

"ఏమే," అంది తల్లి చివరికి, గొంతు తగ్గించి. "ఆ తెల్లగా కదులుతోందే, ఏంటది?"

"కర్టెనమ్మా."

"కర్టెనా! అబ్బ, ఎంత బాగుందే!"

నర్సమ్మ నవ్వేసింది. ఆ కర్టెన్ ఉతికి ఎంతకాలమైందో ఆవిడకే తెలుసు. తల్లి మెల్లగా తల తిప్పి కూతురి కేసి చూసింది. చూసింది, చూసింది.

"నువ్వేనా? ఇంత లావైపోయావేంటే?" అంది. అని, కూతురి చెంపలు రెండు చేతులతో పట్టుకుని భోరుమని ఏడ్చింది. కంట్లో నీళ్ళు రాకూడదని నర్సమ్మ కేకలేసేదాకా ఇద్దరూ ఆపలేదు.

మర్నాడు తిరకాసమ్మ కొత్త పలక తీసుకుంది. ఈసారి చెయ్యి తడబడలేదు. పాత కాగితంలోని గడ్డం, టోపీ అలాగే ఉంచి, మందుల చీటీ వెనక ఉన్న ముఖాన్ని వాటి కింద పెట్టింది. నుదురు, ముక్కు, చెంప, మెడ, ఆ రెప్ప, అన్నీ తల్లివే. గుంటగా చెక్కే పనిలో ఒక వింత ఉంది. దీపం ఒక పక్కనుంచి పెడితే అది గుంటే. రెండో పక్కకి జరిపితే గుంట కాస్తా ఉబ్బెత్తై, లోపలినుంచి మనిషి లేచి వస్తాడు. ఏళ్ళుగా చూస్తున్నదే అయినా, ఆ సాయంత్రం దీపం జరిపినప్పుడు ఆమె వెనక్కి తగ్గింది. నిజంగా ఎవరో వచ్చినట్టనిపించింది. ఎవరూ చూడని ఆ మనిషి ఇన్ని వందల ఏళ్ళ తర్వాత రెప్పలెత్తి ఆమె భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు.

పెద్దమేస్త్రీ వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నవాడు వాటిని విప్పాడు.

"ఇప్పుడు బస్సు కోసం కాదు," అన్నాడు, అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పలకను యంత్రానికి ఎక్కించారు. పళ్ళెమంత ముఖాన్ని అది తడుముతూ తడుముతూ బొటనవేలంత ఉక్కు మీదికి దింపింది. మొదటి వెండి బిళ్ళ కొట్టారు. అందరూ మూగారు. తిరకాసమ్మ దాన్ని చూసి కొయ్యబారిపోయింది.

నావికుడు ఎడమకి తిరిగి ఉన్నాడు.

జరిగిందేమిటంటే, ఆసుపత్రిలో ఆమె ఎడమపక్క కూర్చుని గీసింది కాబట్టి ఆ బొమ్మ ఎడమకి చూస్తోంది. అచ్చులో దాన్ని ఉన్నదున్నట్టు దింపితే చాలు, నాణెం మీద అదే కుడికి తిరిగేది, ఆమోదించిన బొమ్మలాగే. కానీ ఏళ్ళుగా ప్రతిదాన్నీ తిరగేసిన చెయ్యి ఊరుకుంటుందా? అలవాటు కొద్దీ దీన్నీ తిరగేసింది. సంఘం పంపిన కాగితం మీద కుడి, ప్లాస్టర్‌లోనూ కుడి. వచ్చి చూసినవాళ్ళందరికీ సరిగ్గానే కనబడింది. ఆ గదిలో సరిగ్గా కనబడటమే తప్పని ఒక్కరికైనా తట్టి ఉండాల్సింది. పెద్దమేస్త్రీకి కూడా తట్టలేదు. ఆయన ఆ కన్ను చూస్తూ ఉండిపోయాడు, అంతే.

"పేరు నిలబెట్టుకున్నావు తల్లీ," అన్నాడాయన. తిట్టలేదు. అది ఇంకా బాధ పెట్టింది.

మళ్ళీ మొదలుపెట్టాలంటే విడుదల రోజు దాటిపోతుంది. తప్పు దాచే మనిషి కాదు ఆమె. మేస్త్రీని వెంటబెట్టుకుని పై అధికారి గదికి వెళ్ళి, బిళ్ళను బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అధికారి భూతద్దం పెట్టి ముఖాన్ని చూశాడు. బిళ్ళను తిరగేసి ఓడను చూశాడు.

"ఓడ కుడికి పోతోంది, ఈయన ఎడమకి చూస్తున్నాడు. జనం అడిగితే ఏం చెప్పాలి?"

"ఓడ నడపడానికి వేరే మనుషులున్నారని చెప్పండి సార్," అన్నాడు మేస్త్రీ. "ఈయన పని చూడటం."

అధికారి మళ్ళీ భూతద్దం పెట్టాడు. "అసలు దేన్ని చూస్తున్నాడమ్మా ఈయన?" అని అడిగాడు, మెల్లగా. తిరకాసమ్మ నాలుక చివరిదాకా కర్టెన్ అన్న మాట వచ్చింది, మింగేసింది. అధికారి జవాబు కోసం ఆగలేదు. "ఉండనివ్వండి. ఇలాగే కొట్టండి," అన్నాడు.

విడుదలకు ముందు, పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళకి నాణెం చూపించే రోజు ఒకటి పెట్టారు. తిరకాసమ్మ తల్లిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. పట్టుకోనక్కర్లేదని, తనకి దారి కనిపిస్తోందని తల్లి దారంతా చెబుతూనే ఉంది. గది గుమ్మం దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"లోపల మాట్లాడకూడదమ్మా. వెండి మీద అద్దంలా మెరుగు పెట్టి ఉంచారు. నోట్లోంచి తుంపర పడితే మచ్చ అయిపోతుంది, ఇక పోదు."

"ఎంతసేపు మాట్లాడకూడదు?"

"చూస్తున్నంతసేపూ."

"అయితే గబగబా చూసేస్తా," అంది తల్లి. వెనకవాళ్ళు నవ్వారు.

నల్లటి మఖమలు గుడ్డ మీద, దీపం కింద, నాణెం ఒక్కటే ఉంది. చుట్టూ వెండి తేరిన నీళ్ళలా మెరుస్తోంది. ఆ మెరుపు మధ్య, మంచు పట్టినట్టు తెల్లగా ఆ ముఖం. కన్ను ఆవగింజంత కూడా లేదు. అయినా చూసేవాళ్ళంతా ఆ కంటి దగ్గరే ఆగుతున్నారు. తల్లి చేత్తో నోరు మూసుకుని వంగింది. తిరకాసమ్మ పక్కన నిలబడి తల్లి ముఖం చూస్తోంది. చిన్నప్పుడు మార్కులు చూపించి నిలబడ్డప్పుడు కూడా గుండె ఇలా కొట్టుకోలేదు. తనను తను గుర్తుపడుతుందని, నవ్వుతుందని, బయటికి రాగానే చెవులు చిల్లులు పడేలా అరుస్తుందని అనుకుంది.

తల్లి కదల్లేదు. వెనకవాళ్ళు జరిగి పక్కనుంచి చూసి వెళ్ళిపోయారు. వాళ్ళ తర్వాతివాళ్ళు కూడా వెళ్ళిపోయారు. ఆవిడ అలాగే వంగి ఉంది. చివరికి తనే వెనక్కి తిరిగి, కూతురి కేసి చూడకుండా బయటికి నడిచి, వరండాలోని బెంచీ మీద కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?"

"మా నాన్నని నువ్వెక్కడ చూశావే?" అంది తల్లి.

తిరకాసమ్మకు అర్థం కాలేదు. "నాన్నేంటి? అమ్మా, అది..." అని ఆగిపోయింది. తల్లి తన చెంప తడుముకోవడం లేదు, అద్దం కోసం చూడటం లేదు. ఆవిడ ఎటో చూస్తోంది. అప్పుడు తట్టింది. తన పక్క ముఖం ఎలా ఉంటుందో ఎవరికి తెలుస్తుంది? అద్దంలో ఎదురు ముఖమే చూసుకుంటాం.

తల్లి చెప్పుకుపోతోంది. "రేడియోలు బాగుచేసేవాడు. నేను పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. కుడిపక్క తీగలు అతికే ఇనుము కాలుతూ ఉండేది, అటువైపు రానిచ్చేవాడు కాదు. ఎప్పుడూ ఈ పక్కే. ఈ ఎడమ పక్కే. తీగలు అతికించి ముల్లు తిప్పేవాడు. గరగరమంటూ ఉండి, ఉన్నట్టుండి ఎక్కడిదో ఒక గొంతు పలికేది. ఏ దేశమో, ఏ భాషో మాకేం తెలుసు! అప్పుడు తల ఎత్తేవాడే. ఇలాగే. అచ్చం ఇలాగే. పెదవి కూడా ఇలాగే వదిలేసి. ఆయన పోయాక ఆ ముఖం ఎంత గుర్తు చేసుకుందామన్నా వచ్చేది కాదు. ఒక్క ఫోటో కూడా లేదు కదా. నువ్వు అడిగేదానివి, తాతయ్య ఎలా ఉండేవాడని. మనిషిలానే ఉండేవాడని కసిరేదాన్ని. నాకు గుర్తు లేదని చెప్పడం చేతకాక."

తిరకాసమ్మ ఆమె పక్కన కూలబడింది. ముక్కూ ముఖం తెలియని ఒకాయన కోసం వెతుకుతూ వెళ్ళి, ముక్కూ ముఖం తెలియని ఇంకొకాయన్ని తీసుకొచ్చింది. చెయ్యి తప్పు చెయ్యకుండా ముఖం కుడికి తిరిగి ఉంటే, అమ్మ చూసి, బాగుందే అని మెచ్చుకుని ఇంటికి వచ్చేసేది. ఆ ముఖం నువ్వేనమ్మా అని చెప్పాలనుకున్న మాటను పక్కన పెట్టేసింది. చెప్పాల్సిన అవసరం కూడా కనబడలేదు.

నెలల తరబడి ఆ ముఖంతోనే గడిపింది. దాని ప్రతి గీతా ఆమె వేళ్ళకు తెలుసు. కానీ తాతయ్యను ఆమె ఇంతవరకూ చూడలేదు. లేచి, నాణెం ఉన్న గది గుమ్మం వైపు నడిచింది.

"ఆగవే, నేనూ వస్తా," అంది తల్లి, కళ్ళు తుడుచుకుని లేస్తూ. "ఏం మాట్లాడనులే."